వింటి మెలి – దాని దిద్దుబాటు

ఉర్దూలో విల్లును ‘కమాన్’ అంటారు. ఆ మాట తెలుగులోనికి వచ్చి ఎన్నో వస్తువులకు పేరైంది. వాకిటి పైని వంపు కమాను. ఫిడేలు వాయించే పుల్ల కమాను. బండి కింద బరువును మోసే ఉక్కు బద్దలు కమాను కట్టలు. వీటన్నింటికీ పేరిచ్చిన అసలు కమానును, అనగా విల్లును, చేతితో చేసేవారు నేడు అరుదు. గోదావరి మన్యంలోని కోయలు, నల్లమలలోని చెంచులు తరతరాలుగా విల్లును తామే చేసుకొంటూ వచ్చారు. చూడటానికి అది వంచిన కర్ర మాత్రమే. కాని దానిని చేయబూనినవానికి మొదట ఎదురయ్యే చిక్కులలో ఒకటి ‘మెలి’.

కొన్నేళ్ల క్రితం ఒక విద్యార్థి వేసవి సెలవులంతా శ్రమించి, తుమ్మ కర్రతో ఒక విల్లు చేసి నాకు చూపించాడు. త్రాడు ఎక్కుపెట్టగానే దాని పై సగం ఒక ప్రక్కకు మెలి తిరుగుతున్నది. నేను ఆలోచింపక, లోపలికి తిరిగిన అంచునే చెక్కమని సలహా ఇచ్చాను. అతడు నా మాట నమ్మి అట్లే చేశాడు. మరునాడు లాగిన నాలుగవ సారికే విల్లు విరిగిపోయింది. అతడు నన్ను ఒక్క మాట అనలేదు. ఆ మౌనమే నన్ను ఈ విషయం నేర్చుకొనేటట్లు చేసింది. నేర్చుకొన్నది ఇక్కడ వివరిస్తాను.

ముందుగా భాగాల పేర్లు. పిడికిలితో పట్టే నడిమి భాగాన్ని అమరకోశం ‘లస్తకం’ అన్నది. దానికి పైన ఒక బద్ద, కింద ఒక బద్ద ఉంటాయి. బద్దల కొనలు కొప్పులు. కొప్పుల గాళ్లలో అల్లెత్రాడు నిలుస్తుంది. విలుకాని వైపు ఉండే ముఖాన్ని కడుపు అనీ, అవతలి ముఖాన్ని వీపు అనీ అనుకొందాము. విల్లు వంగినప్పుడు వీపు సాగుతుంది, కడుపు నొక్కుకొంటుంది. బద్ద తిన్నగా వంగక, తాడు పేనినట్లు ఒక అంచు ముందుకూ ఒక అంచు వెనుకకూ తిరగటమే మెలి. ఇది ముదిరినచో త్రాడు కొప్పు నుండి జారిపోవచ్చును. అప్పుడు విల్లు విరగటమే కాక విలుకానికి గాయమయ్యే ప్రమాదమూ ఉన్నది.

మెలిని మూడు స్థితులలో పరీక్షించవలెను: త్రాడు లేనప్పుడు, త్రాడు కట్టినప్పుడు, కొంత లాగినప్పుడు. త్రాడు లేనప్పుడు లస్తకం వద్ద ఒక తిన్నని పుల్లను, కొప్పు వద్ద మరొక పుల్లను బద్దకు అడ్డంగా ఉంచి, ఒక కొన నుండి చూడవలెను. రెండు పుల్లలు సమాంతరంగా కనిపిస్తే మెలి లేదు. త్రాడు లేనప్పుడు స్వల్పంగా కనిపించి, లాగినప్పుడు పెరగని మెలి కర్రకు పుట్టుకతో వచ్చినది. దానివల్ల పెద్ద హాని లేదు. లాగినకొద్దీ పెరిగే మెలియే దిద్దవలసినది.

దీనికి ప్రధాన కారణం బద్ద రెండు అంచులూ సమబలంగా లేకపోవటం. దళసరి అంచు తక్కువగా వంగుతుంది. పలుచని అంచు ఎక్కువగా వంగి త్రాడు వైపునకు జరుగుతుంది. కావున త్రాడు వైపునకు వచ్చిన అంచు బలహీనమైనది. చెక్కవలసినది దానిని కాదు, కదలక మొండికేసిన రెండవ అంచును. నా సలహాలోని తప్పు ఇదే. అసలే బలహీనమైన అంచును మరింత బలహీనం చేయించాను.

ఆ చెక్కటం కూడా కడుపు వైపుననే జరగాలి. వీపు మీది పోగులు తెగితే సాగే బలం పోయి విల్లు చీలుతుంది. పైగా బద్ద బిగువు దాని మందం యొక్క ఘనాన్ని అనుసరిస్తుంది. మందం 10 శాతం తగ్గితే బిగువు దాదాపు 27 శాతం తగ్గిపోతుంది. అందుచేత ఇక్కడ బాడిసకు పని లేదు. గాజు పెంకుతోగాని ఆకురాయితోగాని నాలుగైదు సార్లు గీకి, విల్లును ఇరవై ముప్ఫై సార్లు మెల్లగా లాగి, మరల చూడవలెను. తీసిన కర్రను తిరిగి అతికించలేము గదా!

రెండవ కారణం త్రాడు బద్ద నడిమి గీత మీద ఉండకపోవటం. త్రాడు ఒక ప్రక్కకు ఒరిగితే, అది లాగిన ప్రతిసారీ బద్దను తిప్పుతుంది. ఇట్టి సందర్భంలో ఒక వైపు గాడిని కొంచెం లోతు చేస్తే త్రాడు రెండవ వైపునకు జరుగుతుంది. బద్దను ముట్టుకొనకముందే దీనిని సరిచూచుకోవటం మేలు.

మూడవ కారణం కర్రలోని పోగులే మెలి తిరిగి ఉండటం. దీనికి చెక్కటం మందు కాదు, వేడియే మందు. వేడికి కర్రలోని పోగులను బంధించే పదార్థం మెత్తబడుతుంది. ఆవిరి పట్టేటప్పుడు అంగుళం మందానికి సుమారు గంట అని వడ్రంగుల లెక్క. బాగా ఆరిన కర్రకైతే నూనె పూసి, మాడకుండా నిప్పుల సెగ చూపవచ్చును. పచ్చి కర్రకు పొడి సెగ తగిలితే పగులుతుంది. మెత్తబడిన బద్దను సరియైన స్థితికంటే ఒక పిసరు అవతలికి తిప్పి, పూర్తిగా చల్లారేవరకు క్లాంపుతో బిగించి ఉంచాలి. వదలగానే అది కొంత వెనుకకు వస్తుంది. ఆవిరి పట్టిన కర్రను కొన్ని రోజులు ఆరనిచ్చిన తరువాతనే వంచవలెను. తడి కర్రను వంచితే ఆ వంపు శాశ్వతంగా ఉండిపోతుంది.

కొమ్ము, కర్ర, స్నాయువులను సరేసుతో అతికించి ఒట్టోమన్ తురుష్కులు, కొరియా దేశీయులు చేసిన విండ్లకు ఆవిరి పనికిరాదు. తేమకు సరేసు కరుగుతుంది. అందుచేత వారు ఎక్కుపెట్టే ముందు విల్లును పొడి వెచ్చదనంలో ఉంచి, చేతితో మెలి సరిదిద్దే పద్ధతి పాటించారు. కొరియాలో ఆ పద్ధతి నేటికీ ఉన్నది.

ఆ విద్యార్థి తరువాత మరొక విల్లు చేశాడు. దానికీ కొంచెం మెలి వచ్చింది. ఈసారి ఇద్దరమూ కలిసి మొదట గాళ్లను చూచాము, పిదప అంచులను వ్రేళ్లతో తడిమి దళసరి అంచును గుర్తించాము. సరిపడునంత గీకటానికి మూడు సాయంత్రాలు పట్టింది. విల్లు తిన్నగా వంగింది. సలహా ఇచ్చే స్థానంలో ఉన్న మాబోటివారు నోరు తెరిచే ముందు ఏ అంచు బలహీనమో చూచుకోవలెనని ఆ విరిగిన తుమ్మ విల్లు నాకు నేర్పింది. దాని ఒక ముక్కను నేటికీ నా బల్ల మీద ఉంచుకొన్నాను.