దెబ్బ తగిలిన చోట గడ్డ ఉందా?

శివరాత్రికి కురవి వీరన్న జాతరలో తోసుకుంటుంటే ఎవరి మోచెయ్యో రొమ్ముకు తగులుతుంది. ఇంట్లో బిందె ఎత్తుతుంటే అంచు తగులుతుంది. నొప్పిగా ఉందని తడుముకుంటే గడ్డ దొరుకుతుంది. "దెబ్బకు కట్టిందిలే" అని పసుపు పట్టు వేసి ఊరుకోకండమ్మా! దెబ్బ వల్ల క్యాన్సర్ రాదు. ముందే లోపలున్న గడ్డ మీదికి మన చెయ్యి పోతుందంతే. రెండు వారాలకూ తగ్గకపోతే, నొప్పి లేకున్నా సరే, డాక్టరుకు చూపించాలి.

నటి హంసానందిని 2021లో చిన్న గడ్డ చేతికి తగలగానే డాక్టరు దగ్గరికి వెళ్ళారు. చికిత్స చేయించుకుని 2022 చివర్లో మళ్ళీ షూటింగుకు వచ్చారు. మనకు హైదరాబాదు ఎం.ఎన్.జె. ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ కింద ఉచిత చికిత్స ఉంది. బహిష్టు అయిన వారానికి, నెలకోసారి స్నానాల గదిలో తడిమి చూసుకోవడానికి దెబ్బ తగిలేదాకా ఆగాలా చెప్పండి!