లక్ష్యలక్షణముల నడుమ: మదరాసు విశ్వవిద్యాలయ సంగీతశాఖ

గురుముఖమున విని, వల్లించి, కంఠగతము చేసికొనుటయే సంగీతవిద్యయని మనవారు తరతరములుగా భావించినారు. అట్టి విద్యకు పాఠ్యప్రణాళిక, పరీక్ష, పట్టము అను మూడింటిని జోడించుట సాహసమే. 1927లో మదరాసున జరిగిన కాంగ్రెసు మహాసభతోపాటు ఒక అఖిలభారత సంగీతసభ జరిగినది. దాని ఫలముగా 1928లో మ్యూజిక్ అకాడమీ వెలసినది. ఆ వాతావరణములోనే మదరాసు విశ్వవిద్యాలయము 1932లో సంగీతశాఖను నెలకొల్పినది. తొలుత ఆ శాఖను నడిపిన టైగర్ వరదాచారిగారు ప్రధానముగా గాయకులు, వాగ్గేయకారులు, లక్ష్యజ్ఞులు. 1937లో ప్రవేశించి దీర్ఘకాలము శాఖకు రూపురేఖలు దిద్దిన పి. సాంబమూర్తిగారు (1901–1973) ప్రధానముగా లాక్షణికులు. ఈ ఇరువురి స్వభావభేదములోనే ఆ శాఖ చరిత్ర యంతయు బీజరూపమున ఉన్నదని నా అభిప్రాయము.

బిట్రగుంటలో జన్మించిన సాంబమూర్తిగారు 1931లో జర్మనీకి పోయి మ్యూనిక్ నగరమున పాశ్చాత్య సంగీతమును, తులనాత్మక సంగీతశాస్త్రమును అభ్యసించినారు. తిరిగివచ్చినపిమ్మట వారు చేసిన పనిలో ఆ శిక్షణ ముద్ర స్పష్టము. ఆరు భాగముల 'సౌత్ ఇండియన్ మ్యూజిక్' గ్రంథము, 1952లో తొలి సంపుటము వెలువడిన సంగీతనిఘంటువు, విద్యార్థులకు క్రమబద్ధమైన శాస్త్రపాఠమును తొలిసారి సమకూర్చినవి. వాటిలో కొన్ని నిర్ణయములు నేడు నిలువకపోవచ్చును. అయినను ఎక్కడనో తాళపత్రములలోను, విద్వాంసుల జ్ఞాపకములలోను చెదరియున్న సామగ్రిని ఒక వరుసకు తెచ్చుట చిన్న పని కాదు. 1971లో వారికి పద్మభూషణ పురస్కారము లభించినది.

శాస్త్రపాఠ మనగా ఏమి? ప్రాచ్యకళాశాలల వారికి సులభముగా బోధపడు ఉదాహరణము మేళకర్త పద్ధతి. పూర్వాంగమున రిషభగాంధారముల కూర్పులు ఆరు, ఉత్తరాంగమున ధైవతనిషాదముల కూర్పులు ఆరు. వీనిని హెచ్చవేయగా 36. శుద్ధమధ్యమముతో 36, ప్రతిమధ్యమముతో 36, వెరసి 72 మేళములు. మేళనామములోని తొలి రెండక్షరములను కటపయాది సంకేతము ననుసరించి అంకెలుగా మార్చి, వాటిని తారుమారు చేసినచో మేళసంఖ్య లభించును. ధీరశంకరాభరణమున ధ-కారమునకు 9, ర-కారమునకు 2, తారుమారుగా 29. ఆరేసి మేళముల కొక చక్రముగా లెక్కింపగా 29 ఐదవ చక్రమున ఐదవది. కనుక చతుశ్శ్రుతి రిషభము, అంతర గాంధారము, శుద్ధమధ్యమము, చతుశ్శ్రుతి ధైవతము, కాకలి నిషాదము అని పుస్తకము తెరువకయే చెప్పవచ్చును. జ్యోతిశ్శాస్త్రమున కటపయాదిని ఎరిగిన విద్యార్థి ఈ పాఠమును ఒక్క దినమున గ్రహింపగలడు.

చిక్కు ఇక్కడనే ఉన్నది. ఈ లెక్క ఎంత సొగసైనదో, అంత మోసపుచ్చునది కూడ. 72 మేళములను ప్రతిపాదించిన వేంకటమఖియే తన కాలమున వ్యవహారములో ఉన్నవి 19 మాత్రమే అని చెప్పినాడు. తక్కినవి గణితముచేత సంభవించునవి, కంఠములచేత పుట్టినవి కావు. 1684 నుండి 1712 వరకు తంజావూరు నేలిన శాహజీ పేర వెలసిన 'రాగలక్షణము' తెలుగు గ్రంథము. చతుర్దండిప్రకాశిక వెలువడిన కొన్ని దశాబ్దులకే, అదే తంజావూరిలో పుట్టిన ఆ గ్రంథము 72 మేళముల చట్రమును అనుసరింపదు. గీతములు, ఠాయములు మొదలగు వాటినుండి ప్రయోగములనెత్తి చూపి రాగస్వరూపమును నిరూపించును. అనగా లక్ష్యమే ప్రమాణము. ఈ గ్రంథమును మదరాసు శాఖకు అధ్యక్షత వహించిన ఎస్. సీతగారు పరిష్కరింపగా 1990లో అచ్చయినది. అంతకుముందు 1981లో వారి 'తంజావూరు సంగీతపీఠము'పై ఆంగ్లగ్రంథమును విశ్వవిద్యాలయమే ప్రకటించినది. మేళగణితమును బోధించిన శాఖయే దాని పరిమితులను చూపు గ్రంథమును వెలికి తెచ్చుట నాకు ఆ శాఖ సాధించిన విజయములలో మేలైనదిగా తోచును.

ఇక తెలుగువారు ప్రత్యేకముగా గమనింపవలసిన అంశము. సాంబమూర్తిగారు 1939లో త్యాగరాజస్వామి 'నౌకాచరిత్రము'ను, 1955లో శాహజీ 'పల్లకీసేవా ప్రబంధము'ను స్వరసహితముగా ప్రకటించినారు. వారు వాటిని 'ఆపెరా' అని పిలిచినారు. పాశ్చాత్య పాఠకునకు పరిచయము చేయుటకు ఆ పేరు పనికివచ్చెనేమో గాని, పద్యము, వచనము, దరువు పెనవేసికొన్న ఈ రచనలు మన యక్షగాన కుటుంబమునకు చెందినవి. 1961లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ప్రకటించిన 'ఆంధ్ర యక్షగాన వాఙ్మయ చరిత్ర'లో ఎస్వీ జోగారావుగారు ఈ వాఙ్మయమును సాహిత్యదృష్టితో పరామర్శించినారు. ఒకరు స్వరమును పట్టుకొన్నారు, ఒకరు ఛందస్సును పట్టుకొన్నారు. ఈ రెండు పుస్తకములను ఒకే బల్లపై పెట్టుకొని చదువు విద్యార్థి నాకు ఇంతవరకు తారసపడలేదు.

దీనివలన కలుగు నష్టము కల్పితము కాదు. కొన్నేండ్ల క్రిందట ఒక సంగీతకళాశాలలో సాహిత్యభాగమునకు పరీక్షకుడనుగా పోయినప్పుడు, చక్కని కంఠముగల ఒక విద్యార్థిని 'ఏలరాదు' అను పదమును 'ఏల' వద్ద నిలిపి, ఊపిరి తీసికొని, 'రాదు' అని పాడినది. 'పాలింపరాదా' అని అడుగవలసిన చోట 'ఎందుకు రాదు' అను అర్థము వచ్చినది. తప్పు ఆమెది కాదు. ఆమె నేర్చిన స్వరపుస్తకమున పదము అట్లే విరిగియున్నది. తాళములోని విశ్రాంతిస్థానము పదమధ్యమున పడునప్పుడు ఎక్కడ నాదమును సాగదీయవలెనో, ఎక్కడ తెంపరాదో అర్థజ్ఞానముగల గురువు చెప్పును, అచ్చుపుస్తకము చెప్పదు. తమిళలిపిలో క, ఖ, గ, ఘలకు ఒకే అక్షరము గనుక సంగీతపుస్తకములలో పైన అంకెలు వేసి భేదము చూపుదురు. ఆ అంకె ఒకటి అచ్చులో జారినచో 'గతి' 'కతి'గా మారుటకు అడ్డు లేదు. తెలుగు లిపిలో అచ్చయిన పుస్తకములు మాత్రము నిర్దోషములని అనలేము. అరసున్న, శకటరేఫము, యతిప్రాసలు పట్టని స్వరకర్తలు మనలోను ఉన్నారు.

నిజమునకు మూలసామగ్రి చాలవరకు మన లిపిలోనే ఉన్నది. త్యాగరాజశిష్య పరంపరకు చెందిన వాలాజాపేట ప్రతులు మధుర సౌరాష్ట్రసభకు చేరినవి. సుబ్బరామ దీక్షితులవారి 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' 1904లో ఎట్టయపురమున అచ్చయినది తెలుగులోనే. గమకచిహ్నములతో నిండిన ఆ మహాగ్రంథమును సంగీతశాఖలవారు స్వరముకొరకు తెరచుచున్నారు. అందలి వాగ్గేయకార చరితము, లక్షణభాగము పందొమ్మిదవ శతాబ్ది చివరి పండితవచనమునకు మంచి నమూనాలు. వాటికొరకు తెలుగు అధ్యాపకులు దానిని తెరచుట అరుదు.

సంస్కృతపక్షమున ఇట్టి వంతెన కట్టినవారు వి. రాఘవన్‌గారు. అదే మదరాసు విశ్వవిద్యాలయమున సంస్కృతాచార్యులైన వారు, అలభ్య సంగీతగ్రంథకర్తల నామములను వ్యాఖ్యానములనుండి ఏరి కాలనిర్ణయము చేసినారు. దీర్ఘకాలము మ్యూజిక్ అకాడమీ కార్యదర్శులుగా కూడ పనిచేసినారు. తెలుగుపక్షమున రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు బోధించి, తరువాత తిరుపతిలో అన్నమాచార్య సంకీర్తనములను పరిష్కరించి, అనేకములకు స్వరములు కూర్చినారు. రేకులపై రాగనామము కలదు గాని స్వరము లేదు. కావున వారు చేసినది పరిష్కారమా, నూతనరచనయా అను చర్చకు తావున్నది. రెండును అని నా ఉద్దేశము. 1974లో మ్యూజిక్ అకాడమీ వారికి సంగీతకళానిధి బిరుదము నొసగినది. వారు ఏ సంగీతశాఖలోను ఆచార్యులు కారు, తెలుగు పండితులు.