కుట్టు లేని టోపీ

"సార్, దీనికి కుట్టు ఎక్కడుంది?" బడి వార్షికోత్సవంలో నెపోలియన్ వేషం కట్టబోతున్న ఎనిమిదో తరగతి కుర్రాడు, తన కోసం చేసిన టోపీని లోపలికీ బయటికీ తిప్పిచూసి అడిగిన ప్రశ్న ఇది. కుట్టు లేదన్నాను. నేత కూడా లేదు. పడుగూ పేకా ఏమీ లేవు. ఉన్ని, సబ్బునీళ్లు, రెండు చేతులు, అంతే. "మరి పోగులు ఊడిపోవడం లేదేం?" అన్నాడు వెంటనే. ఆ రెండో ప్రశ్నకు తరగతి గదిలో చెప్పిన జవాబు చాలలేదు. అందుకే ఈ వ్యాసం.

నెపోలియన్ పెట్టుకున్నదీ ఇలా నేయకుండా నలిపి చేసే ఫెల్ట్ టోపీయే. కాకపోతే అది గొర్రె ఉన్నిది కాదు, బీవర్ అనే జంతువు బొచ్చుతో చేసింది. గుండ్రటి టోపీకి ఉన్న వెడల్పాటి అంచును రెండు వైపులా పైకి మడిచేస్తే రెండు కొమ్ముల టోపీ తయారవుతుంది. తక్కిన సేనానులు ఒక కొమ్ము ముందుకు, ఒకటి వెనక్కి ఉండేలా పెట్టుకుంటే, ఆయన భుజాల వైపు ఉండేలా అడ్డంగా పెట్టుకునేవాడు. ఆయన టోపీల్లో ఒకటి 2023 నవంబరులో వేలానికి వస్తే 19 లక్షల యూరోలకు పైగా పలికింది.

చిత్రమేమంటే, ఫెల్ట్ గుట్టు విప్పినవాడు కూడా తర్వాతి కాలంలో నెపోలియన్‌కు ఆప్తమిత్రుడయ్యాడు. పేరు గాస్పార్ మోంజ్. ఇంజనీరింగ్ విద్యార్థులు డ్రాయింగ్ షీటు మీద గీసే ప్లాన్, ఎలివేషన్‌ల వెనకున్న జ్యామితికి శాస్త్రరూపం ఇచ్చిన ఫ్రెంచి గణితవేత్త. 1798లో నెపోలియన్‌తో పాటు ఈజిప్టు వెళ్లాడు. అంతకు ఎనిమిదేళ్ల ముందే, 1790లో, టోపీలవాళ్ల పనితనం మీద ఒక వ్యాసం ప్రచురించాడు. అంత పెద్ద గణితవేత్త అందులో ఆధారంగా తీసుకున్నది చేతివేళ్ల మధ్య పట్టిన ఒక్క వెంట్రుకను.

ఆ ప్రయోగం మీరూ చేయవచ్చు. పొడవైన తలవెంట్రుక ఒకటి తీసుకుని, ఏది కుదురో ఏది కొసో గుర్తుపెట్టుకోండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య, వేళ్ల పొడవునా ఉండేలా పట్టుకుని, వేళ్లను ముందుకీ వెనక్కీ రుద్దండి. మీరు రెండు వైపులా సమానంగానే రుద్దుతున్నారు. వెంట్రుక మాత్రం ఒకే వైపు, తన కుదురు వైపు, జరుగుతూ పోతుంది. తిప్పి పట్టుకుంటే అది కూడా దిశ మార్చుకుంటుంది.

కారణం పొలుసులు. వెంట్రుక మీద, ఉన్నిపోగు మీద కూడా, సూక్ష్మమైన పొలుసులు ఒకదానిపై ఒకటి సర్దుకుని ఉంటాయి. వాటి అంచులన్నీ కొస వైపే చూస్తుంటాయి. అందువల్ల కుదురు ముందుండేలా పోగును కదిలిస్తే సులువుగా జారుతుంది. కొస ముందుండేలా తోస్తే పొలుసుల అంచులు ఎదురు తన్ని ఆపేస్తాయి. ఒక దిశలో ఘర్షణ తక్కువ, రెండో దిశలో ఎక్కువ. గడ్డిలో నడిచొస్తే పంచెకు గుచ్చుకున్న గడ్డిముల్లు, మనం ఎటు కదిలినా ఒకే వైపు పాకుతూ పోవడం చూసే ఉంటారు. ఉన్నిపోగు చేసేదీ అదే.

పొలుసులు కొక్కేల్లా ఒకదాన్నొకటి పట్టుకోవడం వల్లే ఫెల్ట్ ఏర్పడుతుందని చాలాచోట్ల రాస్తారు. అలా పట్టుకుంటే పోగులు ఎక్కడివక్కడే ఆగిపోవాలి, ఉన్ని దగ్గరపడకూడదు. నిజంగా జరిగేది అందుకు విరుద్ధం. పొలుసుల పని పోగును ఆపడం కాదు, నడిపించడం. ఏకిన ఉన్నిలో కుదుళ్లు అన్ని దిక్కులా ఉంటాయి. నలిపినప్పుడల్లా ప్రతి పోగూ తన కుదురు వైపు కాస్త జరుగుతుంది, దారిలో పక్కపోగులను చుట్టుకుని తనతో లాక్కుపోతుంది. వదిలేసినా వెనక్కి రాలేదు. వేల పోగులు ఇలా వేల దిక్కులకు లాగడంతో చిక్కు మీద చిక్కు పడి, మధ్యనున్న గాలి పోయి, మెత్తటి ఉన్ని గట్టి అట్టలా మారుతుంది. మన చేతులు ఇచ్చేది దిక్కూమొక్కూ లేని రాపిడి. దానికి దిశ ఇచ్చేది పోగు. నన్ను అడిగితే ఫెల్ట్‌లోని యంత్రం ఇదే, మిగిలినవన్నీ దానికి సాయం చేసేవి.

ఆ సాయం చేసేవాటిలో మొదటిది వేడినీరు. తడిసి వేడెక్కితే ఉన్నిపోగులోని కెరాటిన్ అనే ప్రోటీన్ మెత్తబడి, సాగి, మళ్లీ దగ్గరికి వస్తుంది. ఆ సాగుడుతోనే పోగు ముందుకు పాకగలదు. రెండోది సబ్బు. ఉన్నిని తొందరగా తడుపుతుంది, పోగులు జారడానికి వీలిస్తుంది. రాపిడి సంగతి సరేసరి. ఈ మూడూ కలిసేది వాషింగ్ మెషీన్లో కాబట్టే, పెద్దవాళ్ల ఉన్ని స్వెట్టర్ అందులోంచి చంటిపిల్లల కొలతకు వచ్చేస్తుంది. దీనికి విరుగుడుగా వచ్చిన సూపర్‌వాష్ ఉన్నికి క్లోరిన్‌తో పొలుసుల అంచులు అరగదీసి, పైన పాలిమర్ పూత పూస్తారు. అది ఎంత ఉతికినా కుంచించుకుపోదు. పొలుసు పోతే ఫెల్ట్ పోయినట్టే అనడానికి ఇంతకన్న రుజువు అక్కర్లేదు.

ఇక ఇంట్లో పని. తల చుట్టుకొలత 54 సెంటీమీటర్లు అనుకుందాం. అందులో సగం 27. ఉన్ని కుంచించుకుంటుంది కాబట్టి ఆ 27ను 1.4తో హెచ్చిస్తే దాదాపు 38. అంత వెడల్పున మందపాటి ప్లాస్టిక్ షీటును గంట ఆకారంలో కత్తిరించండి. కింది భాగం బాగా విప్పారి ఉండాలి, అంచు అయ్యేది అదే. ఏకిన ఉన్నిని దానిపై పలచగా పరవండి. ఒక పొర అడ్డంగా, తర్వాతిది నిలువుగా, అలా మూడు నాలుగు పొరలు. ఉన్ని షీటు దాటి రెండు మూడు వేళ్ల వెడల్పు బయటికి వేలాడాలి. దోమతెర ముక్క కప్పి, వేడి సబ్బునీళ్లు చల్లి, అరచేత్తో అదమండి. తిరగేసి, వేలాడే ఉన్నిని లోపలికి మడిచి, రెండో వైపూ అలాగే పరవండి. కుట్టు లేని రహస్యం ఈ మడతలోనే ఉంది. రెండు ముఖాల పోగులూ అంచు దగ్గర ఒకదానిలోకొకటి పాకిపోతాయి.

మొదట మెల్లగా రుద్దాలి. తొందరపడితే పొరలు జారి బీటలు పడతాయి. పైన గిల్లిచూస్తే పోగులు విడిగా లేవకుండా పొరంతా కలిసి లేస్తే, అప్పుడు చాపలో చుట్టి దొర్లించవచ్చు. దొర్లించిన దిశలోనే ఎక్కువ కుంచించుకుంటుంది కనుక తరచూ తిప్పి చుట్టాలి. కింద కోసి షీటు లాగేశాక వేడినీళ్లలో ముంచి నలపాలి. తలకు సరిపోయే స్టీలు గిన్నె బోర్లించి, దానిమీద తొడిగి, అంచు లాగి, నీడన ఆరబెట్టాలి. పలచన చేసిన ఫెవికాల్ పూస్తే బిగుసుకుంటుంది. తర్వాత అంచును రెండు వైపులా పైకి మడిచి టాకా వేస్తే నెపోలియన్ సిద్ధం. వెనకటి టోపీలవాళ్లు బిగువు కోసం లక్క వాడేవారు. ఆ లక్క మన దేశపు అడవుల్లోంచే ఐరోపాకు వెళ్లేది.

వాళ్ల పనిముట్లలో ఒకటి మనకు బాగా తెలిసిందే: విల్లు. దూదేకులవాళ్లు దూది ఏకినట్టే, పైకప్పు నుంచి వేలాడే పెద్ద వింటినారిని మీటి బొచ్చును ఎగరగొట్టి పలచటి పొరగా పరిచేవారు. బీవర్లు తగ్గిపోయి కుందేలు బొచ్చు వాడకం పెరిగాక అసలు చిక్కు వచ్చింది. అది అంత తేలిగ్గా ఫెల్ట్ కాదు. దారికి తేవడానికి పాదరసపు నైట్రేటు పూశారు. పాదరసం ఆవిరి పీల్చిన కార్మికులకు చేతులు వణికాయి, మనసు చెదిరింది. అమెరికాలో 1941 డిసెంబరులో గానీ ఆ వాడకం ఆగలేదు. ఈలోగా 1846లో హెన్రీ వెల్స్ రాగి శంకువుకు చిల్లులు పెట్టి, లోపలి నుంచి గాలి పీల్చి, బొచ్చు దానంతటదే పొరగా అంటుకునే యంత్రానికి పేటెంటు పొందాడు. కాలక్రమేణా మగవాళ్లు టోపీలు పెట్టుకోవడమే తగ్గించేశారు.

మీరు చేయదలిస్తే ఉన్ని కొనేముందు రెండు పరీక్షలు పెట్టండి. మన బజారులో ఉన్ని పేరుతో దొరికే దారంలో చాలావరకు అక్రిలిక్. దానికి పొలుసులు లేవు. ఒక పోగు కాల్చి చూడండి. వెంట్రుక కాలిన వాసన వచ్చి, బూడిద నలిపితే పొడి అయితే ఉన్ని. కరిగి గట్టి పూస అయితే అక్రిలిక్. గొంగళ్లకు పేరుపడిన దక్కని గొర్రె ఉన్ని అసలైనదే అయినా ముతక, కాబట్టి సన్నటి మెరినో గొర్రె ఉన్ని కలిపితే పని సులువు. రెండో పరీక్షకు 10 సెంటీమీటర్ల చదరపు ముక్క పరిచి, తడిపి, రుద్దండి. అది ఏడుకు దిగితే పైన చెప్పిన 1.4 లెక్క మీ ఉన్నికి సరిపోతుంది. ఎనిమిది దగ్గర ఆగితే 1.25తో హెచ్చించండి. అసలు తగ్గకపోతే ఆ ఉన్నితో టోపీకి దిగవద్దు.