పెంకు తిప్పి చూడండి

అమెరికాలో సియర్స్ కంపెనీ 1908 నుంచి 1940 దాకా కేటలాగు చూపి ఇళ్ళమ్మింది. కలప, మేకులు, తలుపులు అన్నీ రైల్లో వచ్చేవి. ఇప్పుడు అలాంటి ఇల్లు కొనేవారు దూలాలమీద అచ్చువేసిన అంకెలు వెతుకుతారు.

మనకు ఇల్లంతా అలా రాలేదుగాని, మంగుళూరు పెంకు వచ్చింది. పెరియపాళయం వైపు పాత పెంకుటిల్లు బేరానికి వస్తే ఒక పెంకు తిప్పి చూడండి. బాసెల్ మిషన్ పేరు, 1865 అని ఉండవచ్చు. అది మంగుళూరులో కార్ఖానా పెట్టిన ఏడు, ఇల్లు కట్టింది కాదు! బ్రోకరు ఆ అంకె చూపి ధర పెంచితే దస్తావేజులు అడగండి.

స్థలం కోసమే కొనేవాళ్ళు పడగొట్టేస్తే పెంకులూ, టేకు వాసాలూ పాతసామాన్ల కొట్టుకు పోతాయి. ఇల్లు నిలుపుకోదలిస్తే అక్కడే నాలుగు పాత పెంకులు కొనిపెట్టుకోండి. కొత్తవి పాత గాడిలో ఇమడకపోవచ్చు.