టైరు లావైతే చాలదు
ధర్మవరం దగ్గర చిత్రావతి ఇసుక, పెనుకొండ కొండదారి రాళ్లు, హిందూపురం చేలదారుల్లో తుమ్మముళ్లు. ఇక్కడ సైకిలు తొక్కేవారికి ఈ మూడూ పరిచయమే. అందుకే కుర్రకారుకు లావు టైర్లపై మోజు. అయితే ఉన్న సైకిలుకు వాటిని వేయించే ముందు కొలత చూసుకోవడం అవసరం.

అమెరికాలో 2005లో మంచుదారుల కోసం వచ్చిన సర్లీ పగ్స్‌లీ సైకిలుతో దాదాపు 4 అంగుళాల టైరుకు ప్రచారం వచ్చింది. మామూలు మౌంటెన్ బైకు టైరు వెడల్పు 2 అంగుళాలకు అటూ ఇటూ. దాని ఫోర్కులో 4 అంగుళాల టైరు పట్టదు. అందుకు రిమ్ము, చట్రం వేరే ఉండాలి. 2.25 అంగుళాలదైతే చాలా మౌంటెన్ బైకులకు సరిపోతుంది. బిగించాక రెండువైపులా కనీసం 6 మిల్లీమీటర్ల సందు మిగలాలి. లేకుంటే బురద పట్టినా, రిమ్ము కాస్త వంకరపోయినా చక్రం పట్టేస్తుంది. కొండ దిగేటప్పుడైతే ప్రాణాపాయం.

గాలీ ముఖ్యమే. 4 అంగుళాల టైరుకు ఇసుకలో 8 పౌన్లు చాలు. తారురోడ్డుపై 15 దాకా పట్టించవచ్చు. మరీ తగ్గిస్తే రాయి తగిలినపుడు ట్యూబు నలిగి జంట చిల్లులు పడతాయి. ఎంత లావు టైరునైనా తుమ్మముల్లు వదలదు. పంచరు సామాను, పంపు వెంట ఉండాల్సిందే.