హాన్ సామ్రాజ్య స్థాపనలో సేనాని హాన్ షిన్

చీనాదేశమును సుమారు నాలుగు శతాబ్దులు పాలించిన హాన్ వంశమునకు మూలపురుషుడు లియు బాంగ్. ఆతనికి రాజ్యము గెలిచి యిచ్చినవారిలో అగ్రగణ్యుడు సేనాని హాన్ షిన్.

ఇతడు హ్వాయిన్ అను ఊర నిరుపేదగా పెరిగెను. ఆకలిగొన్న దినములలో ఏటియొడ్డున ఉతుకుపని చేయు ముదుసలి యొకతె అన్నము పెట్టెను. అంగడిలో నొకడు, కత్తి దూయుము, లేదా నా కాళ్ళ నడుమ దూరుమనగా, జనము నవ్వుచున్నను వంగి దూరెను.

తొలుత శ్యాంగ్ యూ కొలువున గుర్తింపు లేక లియు బాంగ్‌ను చేరెను. అచ్చటను నిరాశచెంది వెడలిపోవుచుండగా మంత్రి శ్యావ్ హో వెంబడించి తెచ్చి సర్వసేనానిని చేయించెను. జింగ్‌షింగ్ యుద్ధమున నదిని వెనుక నుంచుకొని సేనను నిలిపెను. పారుటకు దారిలేక సైనికులు ప్రాణములొడ్డి పోరిరి. ఈలోగా 2,000 మంది ఆశ్వికులు శత్రువు విడిచివచ్చిన శిబిరమున హాన్ ధ్వజము లెత్తిరి. అది చూచి జావ్ సైన్యము చెదరిపోయెను. క్రీ.పూ. 202లో గైశా కడ శ్యాంగ్ యూ పరాజితుడయ్యెను.

రాజపదవి నందిన పిదప హాన్ షిన్ ఆ ముదుసలికి వేయి సువర్ణము లిచ్చెను. అవమానించినవానికి ఉద్యోగ మిచ్చెను.

కాని ఆతని శక్తియే చక్రవర్తికి భయకారణమయ్యెను. క్రీ.పూ. 201లో రాజ్యము పోయెను. క్రీ.పూ. 196లో రాజద్రోహము మోపి పట్టమహిషి లూ చంపించెను. ఆ నేరము నిజమా యనుటలో చరిత్రకారులు ఏకాభిప్రాయులు కారు. నమ్మించి ఆతనిని నగరికి రప్పించినవాడు శ్యావ్ హోయే. నిలిపినవాడే కూల్చెనను సామెత చీనాలో దీనినుండియే పుట్టినది.