ఎదురింటి మండువా

మా వాడికి అప్పుడు ఏడేళ్లు. కట్టడాలు ఎలా కూలుతాయో వాడికి బాగా తెలుసు. టీవీలో చూశాడు మరి! సుప్రీంకోర్టు 2021లో ఇచ్చిన తీర్పు ప్రకారం 2022 ఆగస్టు 28న నోయిడాలో జంట సౌధాలను కూల్చినప్పుడు మేమందరం టీవీ ముందు కూర్చున్నాం. ఇంచుమించు 100 మీటర్ల ఎత్తున్న కట్టడాలవి. దాదాపు 3,700 కిలోల పేలుడు మందు కూరి మీట నొక్కితే, 9 సెకన్లలో దుమ్మయిపోయాయి. "మళ్లీ వెయ్యమను నాన్నా" అన్నాడు మా వాడు.

అందుచేత 2023 మే నెలలో, రాజమండ్రిలో మా ఎదురింటి మండువా లోగిలిని తీసేస్తారని తెలియగానే, వాడు వీధిలో పిల్లలందరినీ మా డాబా మీదికి ఆహ్వానించాడు. ముందు వరసలో కూర్చునేందుకు తలా ఒక చాక్లెట్టు వసూలు చేశాడని తరువాత మా ఆవిడ కనిపెట్టింది.

ఆ ఇంటి మామ్మగారు అప్పటికే కొడుకు దగ్గరకు హైదరాబాదు వెళ్లిపోయారు. కప్పు నాలుగువైపుల నుంచీ లోపలికి వాలి, నడుమ ఆకాశం కనబడే ఇల్లు. వాన వస్తే నాలుగు చూరుల నీళ్లూ మండువాలో పడి, తూము గుండా వీధికాలవలో కలిసేవి. మా వాడి కాగితప్పడవలన్నీ ఆ తూము దగ్గరే బయలుదేరేవి.

పిల్లలు ఉదయం ఏడింటికే డాబా ఎక్కారు. బాంబూ లేదు, మీటా లేదు. ఒక ముసలి మేస్త్రీ, ఆరుగురు కూలీలు నిచ్చెన వేసుకుని పైకెక్కి, పెంకులను ఒక్కొక్కటే తీసి చేతికీ చేతికీ అందించుకోసాగారు. తొమ్మిదింటికల్లా డాబా ఖాళీ. చాక్లెట్లు తిరిగి ఇచ్చుకునే బాధ్యత నా మీద పడింది.

మా వాడు మాత్రం దిగలేదు. పెంకుల తరువాత వాసాలు, దూలాలు. ఆ తరువాత తలుపులు, ద్వారబంధాలు. వాటిని పాత కలప వ్యాపారి తోలుకుపోయాడు. గోడల దగ్గరకు వచ్చేసరికి నాకూ ఆసక్తి పుట్టింది. గునపం మొన కాస్త ఆనిస్తే చాలు, ఇటుకలు పగలకుండా విడివడి వస్తున్నాయి. సిమెంటు గోడైతే ఇటుకా సిమెంటూ ఒకటైపోతాయి. విడదీయబోతే ఇటుకే పగులుతుంది. ఇది గానుగలో నూరిన సున్నం. రాతిని కాల్చి చేసిన సున్నం, గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లమెల్లగా పీల్చుకుని మళ్లీ రాయవుతుంది. అయినా ఇటుక కంటే మెత్తగానే వుండి, దాన్ని వదిలిపెడుతుంది. తెలుగు మేష్టారికి ఈ సున్నం గొడవ ఎందుకంటారేమో! నన్ను కట్టిపడేసింది మేస్త్రీ వాడిన మాట. ఆయన కూల్చడం అనలేదు. "ఇల్లు విప్పుతున్నామండీ" అన్నాడు. క్లాసులో పనికొస్తుందని రాసుకున్నాను. అలా మాటలు ఏరుకుంటూ, సొంత ఇంట్లో జరుగుతున్నది గమనించనేలేదు.

ఆ రాత్రి మంచినీళ్లకు లేచిన మా ఆవిడ నన్ను తట్టి లేపింది. వాడు బూట్లు తొడుక్కుని పడుకున్నాడు. తలగడ పక్కన బడిసంచీ. అందులో రెండు చొక్కాలు, క్రికెట్ బంతి, బిస్కట్ పొట్లం, గోడమీద వుండవలసిన మా పెళ్లి ఫోటో.

"ఎందుకురా ఇదంతా?"

"మనింటికి వచ్చినప్పుడు తొందరగా దిగిపోవాలిగా?"

నోయిడాలో చుట్టుపక్కల జనాన్ని పొద్దున్నే ఖాళీ చేయించారు. అది నేను మరచిపోయాను. వాడు మరవలేదు.

వృత్తిధర్మం కొద్దీ ఉపన్యాసం ఇచ్చాను. మనది పెంకుటిల్లు కాదనీ, స్తంభాల మీద నిలిచిన డాబా అనీ. అంతా విని, బూట్లు విప్పకుండానే అటు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు మేస్త్రీ దగ్గరకు తీసుకువెళ్లాను.

"తాతా, మా ఇల్లు ఎప్పుడు విప్పుతావు?"

మేస్త్రీ నవ్వలేదు. అందుకే ఆయనంటే నాకు గౌరవం. వాడి చేతిలో ఒక ఇటుక పెట్టి, "ఇంటిగలాయన పిలిస్తేనే వస్తాం బాబూ. పిలవకుండా ఎవరి గోడా ముట్టుకోం" అన్నాడు.

వాడు గిరుక్కున నా వైపు తిరిగాడు. "నువ్వు పిలవవుగా నాన్నా?"

పిలవనని చెప్పేస్తే సరిపోయేది. కాని మాది అద్దె ఇల్లు. ఎవరో బిల్డరు వచ్చి అడిగి వెళ్లాడని ఇంటివారు సంక్రాంతికే నా చెవిన వేశారు. ఆ సంగతి మా ఆవిడకు కూడా చెప్పలేదు. ఆ ఇటుకల మధ్య నిలబడి చెప్పక తప్పలేదు.

"ఇంటిగలాయన నేను కాదురా."

పదహారు రోజులకు పని ముగిసింది. చివరి రోజున జేసీబీ వచ్చి పునాదుల్ని ఒక్క పూటలో పెళ్లగించింది. తూము కూడా పోయింది. అప్పటికీ వాడు బూట్లతోనే పడుకుంటున్నాడు.

ఎప్పుడూ ఫోనులో పంపే అద్దెను, జూన్ ఒకటో తారీకున చేత్తో పట్టుకెళ్లాను. వాడూ వెంట వచ్చాడు. నాలుగు నెలలుగా నాకు నోరు రాని ప్రశ్న గుమ్మంలోనే అడిగేశాడు.

ఇంటివారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కాసేపు ఆలోచించారు. "రెండేళ్లదాకా ముట్టుకోనురా. ఆ తరువాత అవసరం పడితే ముందు నీకే చెబుతాను."

"ఎన్ని రోజుల ముందు?"

"ఆరు నెలలు. చాలా?"

వాడు నావైపు చూశాడు. చాలునన్నాను.

ఆ రాత్రి బూట్లు విప్పాడు. సంచీలోని బిస్కట్లు తీసుకు తిన్నాడు. పెళ్లి ఫోటో మాత్రం మరో వారం దాకా గోడకు చేరలేదు.